‘ల్యాగ్ అవుతోంది నాన్నా!’ – డబ్బు తీసే ముందు ఒక సాయంత్రం పిల్లలతో కూర్చోండి



కిందటి పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అబ్బాయి నాన్నగారు ఒకరు మార్కుల షీటు తీసుకుని, పూర్తిగా చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన మనసులో వేరే సంగతి ఉంది. “మేడం, వీడు పొద్దస్తమానం ‘ల్యాగ్, ల్యాగ్’ అని ఒకటే గోల. నెట్ ప్లాన్ ఇప్పటికి రెండుసార్లు పెంచాను. ఇప్పుడేమో గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు. నిజంగానే కంప్యూటర్‌లో లోపముందా, కొత్తది కొనిపించుకోవడానికి అబద్ధం చెబుతున్నాడా? మీరే అడిగి చెప్పండి” అన్నారు. కుర్రాడు పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

నేను ఇంగ్లీషు టీచర్ని, కంప్యూటర్ మెకానిక్‌ని కాదు. కానీ ఆ అబ్బాయితో పది నిమిషాలు మాట్లాడాక ఒక సంగతి అర్థమైంది. అతను అబద్ధం చెప్పడం లేదు. రెండు వేర్వేరు ఇబ్బందులకు ఒకే ఇంగ్లీషు మాట వాడుతున్నాడు. మాట తప్పడంతో నాన్నగారు వేసిన మందూ తప్పింది. 

పిల్లలు ఎంతసేపు ఆడాలి, ఏ ఆటలు ఆడాలి అన్నది మరో నెల మాట్లాడుకుందాం. ఇంట్లో కంప్యూటర్ ఉండి, పిల్లలు ఆన్‌లైన్ ఆటలు ఆడుతూ, ‘ల్యాగ్’ పేరుతో మిమ్మల్ని డబ్బు అడుగుతుంటే ఈ నెల వ్యాసం మీకోసమే.

ఒకే మాట, రెండు జబ్బులు

ఇంగ్లీషులో ‘ల్యాగ్’ అంటే వెనకబడటం, ఆలస్యం కావడం. ‘స్టటర్’ అంటే నత్తి. మాట గొంతులోనే తడబడి ఆగి ఆగి రావడం. ఆటల్లో కూడా తేడా ఇదే. మన పిల్లలు రెండింటినీ ల్యాగ్ అనే అంటారు.

మిర్చి లెక్కలో చెబుతాను. పర్చూరు నుంచి బస్తాలు గుంటూరు యార్డుకు బయల్దేరాయి. చిలకలూరిపేట దగ్గర ట్రాఫిక్‌లో లారీ ఆగిపోయి సరుకు ఆలస్యంగా చేరింది. అది ల్యాగ్, అంటే దారిలో జరిగిన ఆలస్యం. ఇంకోసారి కల్లంలో బస్తాలు ఎత్తే మనుషులు చాలక లారీ పొలం దగ్గరే నిలిచిపోయింది. అది స్టటర్, అంటే మన ఇంట్లోనే జరిగిన ఆలస్యం. రెండుసార్లూ సరుకు ఆలస్యంగానే చేరింది. అయితే మనుషులు చాలనప్పుడు రోడ్డు వెడల్పు చేయిస్తే లాభం లేదు. రోడ్డు మూసుకుపోయినప్పుడు ఇంకో పదిమంది కూలీలను పిలిచినా లాభం లేదు.

ఆన్‌లైన్ ఆటలో పిల్లవాడు మీట నొక్కగానే ఆ సమాచారం ఆట కంపెనీ సర్వర్‌కు వెళ్లి, జవాబు తిరిగి రావాలి. ఈ రానుపోను సమయాన్ని ‘పింగ్’ అంటారు. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు. ఇది పెరిగినా, ఒక్కసారి 40, మరోసారి 200 అంటూ ఎగుడుదిగుడుగా ఉన్నా, మధ్యలో కొంత సమాచారం పోయినా ల్యాగ్ వస్తుంది.

స్టటర్‌కు ఇంటర్నెట్‌తో పనిలేదు. తెర మీద బొమ్మ కదలాలంటే కంప్యూటర్ సెకనుకు 60 చిత్రాలు గీయాలనుకోండి. ఒక్కో చిత్రానికి సుమారు 17 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 59 చిత్రాలు సమయానికి వచ్చి, ఒక్కటి 100 మిల్లీసెకన్లు తీసుకున్నా కంటికి కుదుపు తెలుస్తుంది. అందుకే “మా సిస్టమ్‌లో సగటున 60 వస్తోంది కదా” అని షాపులో చెప్పినా, ఆడేవాడికి ఆట నత్తిగానే కనిపించవచ్చు.

ఏ జబ్బో తేల్చుకునే మూడు పరీక్షలు

వీటికి రూపాయి ఖర్చు లేదు. మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. చేసేది పిల్లలే.

మొదటిది మౌస్ పరీక్ష. ఆటలో ఒకచోట నిలబడి, మౌస్‌ను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పమనండి. దృశ్యమంతా కుదుపులతో తిరిగితే అది స్టటర్. దృశ్యం నున్నగా తిరుగుతూనే ఎదుటి ఆటగాళ్లు ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నా, తన బొమ్మ నాలుగడుగులు వేశాక ఎవరో రబ్బరు కట్టి లాగినట్టు వెనక్కి వస్తున్నా అది ల్యాగ్.

రెండోది నెట్ లేని పరీక్ష. మైన్‌క్రాఫ్ట్ సింగిల్ ప్లేయర్ లాగా ఇంటర్నెట్ అక్కర్లేని ఆట ఒకటి నెట్ ఆపేసి ఆడమనండి. అప్పుడూ కుదుపులు వస్తే నెట్ కంపెనీని తిట్టి ప్రయోజనం లేదు.

మూడోది అంకెల పరీక్ష. చాలా ఆటల సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని చిత్రాలు), పింగ్ రెండూ తెర మూలన చూపించే వీలుంటుంది. ఇబ్బంది వచ్చిన క్షణంలో ఏ అంక చెదిరిందో పిల్లలను కాగితం మీద రాయమనండి. ఎఫ్‌పీఎస్ పడిపోతే స్టటర్. పింగ్ ఎగిరితే ల్యాగ్. కొన్ని ఇళ్లలో రెండూ ఉంటాయి. నేను చెప్పిన అబ్బాయి ఇంట్లో అదే జరిగింది.

ల్యాగ్ అయితే: లోపం ఇంట్లోనా, బయటా?

విండోస్ కంప్యూటర్‌లో ‘కమాండ్ ప్రాంప్ట్’ అనే నల్ల కిటికీ ఉంటుంది. అందులో పింగ్ అని ఇంగ్లీషులో టైపు చేసి, స్పేస్ ఇచ్చి, రౌటర్ చిరునామా రాయాలి. సాధారణంగా అది 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. రౌటర్ వెనక స్టిక్కర్ మీద చూడవచ్చు. మళ్లీ స్పేస్ ఇచ్చి, చిన్న గీత, టి అక్షరం పెడితే పరీక్ష ఆపేదాకా సాగుతుంది. కంట్రోల్, సి నొక్కితే ఆగుతుంది. మరో కిటికీలో ఇదే పరీక్షను గూగుల్ సర్వర్ చిరునామా 8.8.8.8 కు పెట్టండి. రాత్రి భోజనాల వేళ, ఇంట్లో అందరి ఫోన్లూ నడుస్తున్నప్పుడు చేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

రౌటర్‌కు వెళ్లొచ్చే సమయం వైర్ మీద 1 మిల్లీసెకను, వైఫై మీద కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే ఉండాలి. అది మాటిమాటికీ 50, 100 అవుతుంటే లోపం మీ నాలుగు గోడల మధ్యే ఉంది. రౌటర్ అంకెలు నిలకడగా ఉండి 8.8.8.8 అంకెలు ఎగురుతుంటే రెండు అనుమానాలు. ఇంట్లో ఎవరైనా అప్పుడు పెద్ద ఫైలు పంపుతుండవచ్చు, లేదా లోపం బయటి లైన్‌లో ఉండవచ్చు. రెండూ నిలకడగా ఉండి ఆటలో మాత్రమే పింగ్ ఎక్కువైతే, ఆట ఏ ఊరి సర్వర్‌కు కలిసిందో చూడండి.

ఇంట్లో లోపానికి ఎక్కువగా కారణం వైఫై. మన ఇళ్లలో రౌటర్‌ను హాల్లో టీవీ వెనకో, బీరువా పక్కనో పెడతాం. ఇనుప బీరువా, మందపాటి గోడలు వైఫై సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. బ్రాడీపేట, అరండల్‌పేట లాంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు మూడే: 1, 6, 11. పదిళ్ల రౌటర్లు ఆ మూడింటి మీదే మాట్లాడుకుంటుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, కానీ అది గోడలు దాటి ఎక్కువ దూరం పోదు. కంప్యూటర్ ఉన్న గదిలోనే రౌటర్ ఉంటే 5 గిగాహెర్ట్జ్ పెట్టుకోండి. దూరంగా ఉంటే మంచి లాన్ కేబుల్ ఒకటి గోడ వెంట లాగించండి. 100 మీటర్ల దాకా అది చక్కగా పనిచేస్తుంది. ఈ వ్యాసం మొత్తంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే సలహా ఇదే.

ఇంట్లో ఎవరైనా పెళ్లి వీడియోలు పంపుతున్నా, ఫోన్ తనంతట తాను ఫొటోలను గూగుల్‌లో దాస్తున్నా, ఆట సమాచారం వాటి వెనక క్యూలో నిలబడుతుంది. అలాంటి పనులను పిల్లలు పడుకున్నాకో, తెల్లవారుజామునో జరిగేలా పెట్టుకోండి. అవన్నీ ఆపాక కూడా 8.8.8.8 అంకెలు ఎగురుతుంటే అప్పుడు బయటి లైన్‌ను అనుమానించాలి.

మన ఊళ్లలో ఫైబర్ తీగ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ పల్లెలకు ఇంటర్నెట్ తెచ్చింది కూడా ఈ దారిలోనే. గాలివానకో, కోతులు ఊగినందుకో, ఎత్తుగా పత్తి బోరాలు కట్టిన లారీ తగిలినందుకో ఏ కంపెనీ తీగైనా వంగుతుంది, కొన్నిసార్లు తెగుతుంది. పూర్తిగా తెగితే పెట్టె మీద ‘లాస్’ అనే ఎర్ర లైటు వెలుగుతుంది. సగం వంగితే లైటు వెలగకపోవచ్చు, కానీ సమాచారం కొంత దారిలో పోతుంది. నెట్ ఆయనకు ఫోన్ చేసి “స్లోగా ఉంది” అంటే ఆయనకేమీ తెలియదు. “రౌటర్‌కు 1 వస్తోంది, 8.8.8.8 కు రాత్రి 8 నుంచి 10 దాకా 200 దాటుతోంది, కొన్ని జవాబులు రావడం లేదు. ఒకసారి వచ్చి లైట్ పవర్ చూడండి” అని చెప్పి, తెర ఫొటో పంపండి. పని త్వరగా తెములుతుంది.

స్పీడు పెంచినా పింగ్ ఎందుకు తగ్గదు?

‘100 ఎంబీపీఎస్’ అనేది రోడ్డు వెడల్పు. పింగ్ అనేది ప్రయాణ సమయం. ఆట పంపే సమాచారం చాలా చిన్నది. ఒక్క స్కూటర్ పోవడానికి రెండు వరుసల రోడ్డైనా, ఆరు వరుసల రోడ్డైనా పట్టే సమయం దాదాపు ఒకటే. ఇంట్లో నలుగురైదుగురు ఒకేసారి వీడియోలు చూస్తూ రోడ్డు నిండిపోతుంటేనే పెద్ద ప్లాన్ ఉపయోగపడుతుంది.

దూరాన్ని ఏ ప్లానూ తగ్గించలేదు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. గుంటూరు నుంచి చెన్నైకి సరళరేఖలో 360 కిలోమీటర్లు, ముంబైకి సుమారు 850, సింగపూర్‌కు సుమారు 3,000. అంటే సింగపూర్ వెళ్లి రావడానికి కాంతికే 30 మిల్లీసెకన్లు కావాలి. తీగలు వంకరటింకర దారుల్లో పోతాయి, మధ్యలో ఎన్నో యంత్రాలు తగులుతాయి కాబట్టి అసలు అంకె అంతకు ఎక్కువే ఉంటుంది. వాలరెంట్‌కు ముంబైలో, కౌంటర్ స్ట్రైక్ 2 కు ముంబై, చెన్నైలలో సర్వర్లున్నాయి. పిల్లలు స్నేహితుల కోసం సింగపూర్ సర్వర్ ఎంచుకుని పింగ్ ఎక్కువగా ఉందంటే, దానికి మందు సెట్టింగ్స్‌లోనే ఉంది.

స్టటర్ అయితే: ముందు వేడి, తర్వాత దుమ్ము

ఆట మొదట్లో బాగుండి, ఇరవై నిమిషాల తర్వాత కుదుపులు మొదలైతే వేడిని అనుమానించండి. చాలా ప్రాసెసర్లు 95–100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మన పల్నాడు ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. రెంటచింతల పేరు వేసవిలో వార్తల్లో వస్తూనే ఉంటుంది. గదిలోనే 40 డిగ్రీలుంటే ఆ చిన్న ఫ్యాన్ చల్లగాలి ఎక్కడి నుంచి తెస్తుంది?

దీనికి తోడు దుమ్ము. జిన్నింగ్ మిల్లుల దగ్గరి ఇళ్లలో దూది నూగు, మిరప కల్లాల కాలంలో కారపు దుమ్ము గాలిలో ఉంటాయి. అవి ఫ్యాన్ రెక్కల మీద, దాని కింది లోహపు పలకల మధ్య దుప్పటిలా పేరుకుంటాయి. ఏడాదికి రెండుసార్లు శుభ్రం చేయించండి. ఇంట్లోనే చేస్తే కరెంటు ప్లగ్ తీసి, కంప్యూటర్‌ను బయటికి తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్లోయర్ వాడండి. ఫ్యాన్ గిరగిర తిరగకుండా పెన్సిల్ అడ్డం పెట్టండి. తడి గుడ్డ వద్దు. లాప్‌టాప్ విప్పే పని మాత్రం మెకానిక్‌కే వదిలేయండి.

సీపీయూను తలుపులున్న కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టి మూసేయడం, లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడటం మాన్పించండి. గోడకు ఒక జానెడు దూరం ఉండాలి.

తర్వాత ఇవి ఒక్కొక్కటిగా చూడండి:

• మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారు? గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. పొరపాటున మదర్‌బోర్డుకు పెడితే కొన్న కార్డు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది.

• లాప్‌టాప్ చార్జర్ పెట్టి ఆడుతున్నారా? బ్యాటరీ మీద చాలా లాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి.

• కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. కుదుపు వచ్చినప్పుడు మెమరీ, డిస్క్ 100 శాతం దగ్గర ఉన్నాయేమో చూడండి. వెనక విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, ఇరవై బ్రౌజర్ ట్యాబులు నడుస్తుంటే ముందు వాటిని ఆపండి.

• ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చిన రోజు మొదటి కొద్దిసేపు కుదుపులు రావచ్చు. కంప్యూటర్ అప్పుడు కొత్త దృశ్యాలకు కావలసిన లెక్కలు తయారు చేసుకుంటుంటుంది. రెండు మూడు ఆటల తర్వాత తగ్గితే కంగారు పడనక్కర్లేదు.

• నీడలు, వెలుగుల నాణ్యత ఒక మెట్టు తగ్గించండి. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 చిత్రాలే చూపగలదు. అంతకు ఎన్నో రెట్లు గీయించి కంప్యూటర్‌ను వేడెక్కించడం దేనికి? ఎఫ్‌పీఎస్‌కు పరిమితి పెట్టుకోవచ్చు.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఎనిమిదో తరగతి సైన్స్ ల్యాబ్‌లో మేం చెప్పేదీ ఇదే.

డబ్బు పెట్టాల్సిందే అయితే

పిల్లల కోరిక ప్రతిసారీ గొంతెమ్మ కోరిక కాదు. శుభ్రం చేశాక కూడా మెమరీ నిండిపోతూనే ఉంటే, ఆట పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే, అక్కడ ఖర్చు పెట్టడంలో అర్థముంది. ఎస్‌ఎస్‌డీ వేయించడం, ర్యామ్ పెంచడం కొత్త కంప్యూటర్ ఖర్చులో చిన్న భాగమే. చదువుకు వాడే కంప్యూటర్ కూడా దాంతో చురుగ్గా పనిచేస్తుంది. ర్యామ్ కొనేటప్పుడు 16 జీబీ ముక్క ఒకటి కంటే 8 జీబీ ముక్కలు రెండు జతగా వేయిస్తే, ముఖ్యంగా వేరే గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో, మేలు కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే చివర.

‘ఎఫ్‌పీఎస్ బూస్టర్’, ‘ల్యాగ్ ఫిక్స్’ అంటూ ఉచితంగా దొరికే ప్రోగ్రాములను మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. వాటి వెనక వైరస్ రావచ్చు. మీరు అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేస్తుంటే ప్రమాదం ఆటతో ఆగదు.

ఆ ఇంట్లో ఏం జరిగిందంటే

ఆ అబ్బాయికి నేను ఒక పని అప్పగించాను. మూడు రోజులు రాత్రి ఎప్పుడు, ఏ అంక చెదిరిందో నోట్‌బుక్‌లో రాయమన్నాను. రాసింది నాన్నగారికి చూపించమన్నాను. పింగ్ ఎగిరిన ప్రతిసారీ రౌటర్ అంకె కూడా ఎగిరింది. హాల్లో రౌటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య రెండు గోడలు, ఒక బీరువా ఉన్నాయి. కేబుల్ లాగారు, పింగ్ కుదురుకుంది. కానీ ఇరవై నిమిషాల తర్వాత కుదుపులు మాత్రం మిగిలాయి. కంప్యూటర్ విప్పి చూస్తే ఫ్యాన్ నిండా నూగు. అది తీశాక అవీ తగ్గాయి. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. పెంచిన నెట్ ప్లాన్ పాత దానికి మార్చుకున్నారు.

ఆయన ఫోన్ చేసి అన్న మాట నాకు గుర్తుండిపోయింది: “వాడు మొదటి నుంచీ నిజమే చెప్పాడు మేడం. నాకే నమ్మకం కలగలేదు.” కొద్దిగా ఆగి, “ఇప్పుడు ఏది అడగాలన్నా ముందు కాగితం మీద రాసి తెస్తున్నాడు” అన్నారు.

ఈ పరీక్షలు ఆటల కోసమే అనుకోకండి. ఆన్‌లైన్ క్లాసులో టీచర్ గొంతు తెగిపోవడానికీ, జేఈఈ మాక్ టెస్టులో పేజీ తిరుగుతూ ఉండిపోవడానికీ ఇవే కారణాలు కావచ్చు. పరీక్ష రోజు పొద్దున తెలుసుకోవడం కంటే ఒక ఆదివారం సాయంత్రం తెలుసుకోవడం మంచిది.

చివరగా ఇంగ్లీషు విభాగం నుంచి ఈ నెల ఇంటిపని. మీ అబ్బాయిగానీ అమ్మాయిగానీ పై మూడు పరీక్షలు చేసి, కనిపెట్టింది అర పేజీ ఇంగ్లీషులో రాయాలి: ఏం జరిగింది, ఏం కొలిచాను, ఏం మార్చాను, ఫలితమేమిటి. మీరు చదివి కింద సంతకం పెట్టండి. కంప్యూటర్ లేని పిల్లలు ఇంట్లో సరిగా పనిచేయని మరే వస్తువు గురించైనా రాయవచ్చు, మిక్సీ అయినా, ఫ్యాన్ అయినా, సైకిల్ అయినా. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఆ కాగితాలు తెండి. మార్కుల షీటుతో పాటు వాటినీ కలిసి చూద్దాం.